యాత్ర ఆగింది, సొమ్ము తిరిగొచ్చింది: అది ఎవరిది?

ఆదివారం ఆరాధన ముగిసింది. అందరూ బయటికి వెళ్లాక ఒక పెద్దావిడ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగింది: "అయ్యగారూ, ఆ యాత్ర డబ్బుల సంగతి ఏమైనా తెలిసిందా?" "కంపెనీవాళ్లు చూస్తున్నారమ్మా, ప్రార్థన చేయండి" అని జవాబు వచ్చింది. ఆమె మళ్లీ అడగలేదు. అడిగితే అనుమానించినట్టు అవుతుందేమోనని ఆమె భయం. అడగలేదు కాబట్టి మరిచిపోయిందని అయ్యగారి ధీమా. ఇలాంటి మాటలు గత కొన్నేళ్లలో మన సంఘాల్లో చాలామంది వినే ఉంటారు.

పరిశుద్ధ దేశ యాత్రకు మన రెండు రాష్ట్రాల నుంచి ఏటా ఎన్నో బృందాలు బయలుదేరుతాయి. భార్యాభర్తలు, అత్తాకోడళ్లు, అన్నదమ్ముల కుటుంబాలు కలిసి పేర్లు ఇస్తారు. రిటైరైన ఉపాధ్యాయులు గ్రాట్యుటీలోంచి తీస్తారు. చీటీ పాడినవారు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపింది దాచినవారు, గాజులు తాకట్టు పెట్టినవారు కూడా ఉంటారు. అయితే 2023 అక్టోబరు 7న హమాస్ దాడి జరిగాక ఎయిర్ ఇండియా టెల్ అవీవ్ విమానాలు నిలిచిపోయాయి. మన ప్రభుత్వం 'ఆపరేషన్ అజయ్' పేరుతో అక్కడున్న భారతీయులను వెనక్కి తీసుకురావలసి వచ్చింది. 2025 జూన్ 13న ఇరాన్‌పై ఇజ్రాయెల్ దాడులు మొదలైన రోజే ఆ దేశ గగనతలం మూతపడింది. పెట్టెలు సర్దుకున్నవారు సర్దుకున్నట్టే ఆగిపోయారు.

యుద్ధం ఎవరి చేతిలోనూ లేదు. విమానం ఆగడం పాస్టరు గారి తప్పు కాదు, టూర్ ఆపరేటర్ తప్పూ కాదు. కానీ ఆగిన తరువాత డబ్బు ఏ దారిన వెనక్కి వచ్చింది, ఎవరి ఖాతాలో ఆగింది, చివరికి ఎవరికి అందింది అన్నవి మనుషుల చేతిలో ఉన్న సంగతులే. ఈ వారం వాటి గురించే మాట్లాడదలచుకున్నాం.

మొదట ఒక తేడా గుర్తించాలి. రిఫండ్ ఎవరి ఖాతాలోకి వస్తుంది అన్నది ఒక ప్రశ్న. అది ఎవరి సొమ్ము అన్నది ఇంకో ప్రశ్న. బ్యాంకులు, కంపెనీలు మొదటిదానికే జవాబు చెబుతాయి. రెండోదానికి జవాబు చెప్పవలసింది కుటుంబాలు, సంఘాలు. మన మధ్య వచ్చే మనస్పర్థల్లో చాలావరకు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేవే.

డబ్బు వచ్చే దారులు

ఆగిపోయిన యాత్రలో సొమ్ము ఒకే చోటి నుంచి రాదు. మొదటిది విమాన సంస్థ. విమానాన్ని సంస్థే రద్దు చేస్తే టికెట్టు ధర పూర్తిగా తిరిగి రావాలి. ప్రయాణికుడే మానుకుంటే, తిరిగి ఇవ్వని టికెట్టయినా సరే, అందులోని చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి ఇవ్వాలని మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన చెబుతోంది. నగదు బదులు 'క్రెడిట్ షెల్' అంటే భవిష్యత్తు ప్రయాణానికి జమగా ఉంచుకోవడం ప్రయాణికుడి ఇష్టం మాత్రమే, సంస్థ దాన్ని రుద్దకూడదు. ఏజెంటు ద్వారా కొన్న టికెట్టయినా రిఫండ్ బాధ్యత విమాన సంస్థదే.

ఈ విషయంలో కోవిడ్ కాలం మనకు పెద్ద పాఠం నేర్పింది. లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్ల సొమ్ము కోసం ప్రవాసీ లీగల్ సెల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 అక్టోబరు 1న కోర్టు తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్ సమయంలోనే, ఆ రోజుల్లోని ప్రయాణానికి కొన్న టికెట్లకు సంస్థలు వెంటనే పూర్తి సొమ్ము ఇవ్వాలంది. ఏజెంటు ద్వారా కొని ఉంటే, సంస్థ నుంచి అందిన సొమ్మును ఏజెంటు వెంటనే ప్రయాణికుడికి చేర్చాలంది. ఆ 'వెంటనే' అన్న మాటను మన సంఘాలు కూడా గుర్తుపెట్టుకోవాలి. నిరుడు 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయినప్పుడు కూడా, డిసెంబరు 7 రాత్రి 8 గంటలలోపు రిఫండ్లు పూర్తిచేయాలని పౌర విమానయాన శాఖ గడువు పెట్టింది. ప్రభుత్వం గట్టిగా అడిగితే డబ్బు కదులుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో దారి టూర్ ఆపరేటర్. హోటళ్లు, బస్సు, గైడు, భోజనం కలిపి తీసుకున్న ప్యాకేజీ సొమ్ములో ఎంత తిరిగి వస్తుందన్నది మనం సంతకం చేసిన షరతుల మీద ఆధారపడి ఉంటుంది. వీసా రుసుము ఖర్చైపోతే రాదు. హోటలుకు ముందే కట్టిన అడ్వాన్సు కొన్నిసార్లు రాదు. చిన్న ఆపరేటర్లు నిజంగానే నష్టపోయిన సందర్భాలున్నాయి, అది మనం ఒప్పుకోవాలి. కానీ రానిది ఎంత, వచ్చింది ఎంత అని రసీదులతో చూపించమని అడగడం మాత్రం యాత్రికుడి హక్కు. "వచ్చే ఏడాది తీసుకెళ్తాం" అన్న మాట అంగీకరించినవారికి సరే, అంగీకరించనివారికి అది జవాబు కాదు.

మూడో దారి ప్రయాణ బీమా. నాలుగోది మన రాష్ట్రానికి ప్రత్యేకం. యెరూషలేము యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సహాయాన్ని 2019 నవంబరులో పెంచారు. వార్షికాదాయం 3 లక్షల రూపాయల లోపు ఉన్నవారికి 40 వేల నుంచి 60 వేలకు, అంతకు మించినవారికి 20 వేల నుంచి 30 వేలకు. ఇది ప్రజల పన్నుల సొమ్ము. యాత్ర జరగకపోతే ఈ భాగం యాత్రికుడిదీ కాదు, బృంద నాయకుడిదీ కాదు. ఖజానాకు చెందింది ఖజానాకే చేరాలి.

ఇంకొకటి చాలామంది గమనించనిది. విదేశీ యాత్ర ప్యాకేజీ కొన్నప్పుడు ఆపరేటర్ ముందస్తు పన్ను వసూలు చేస్తాడు. అది ఎవరి పాన్ నంబరుపై జమ అయితే వారే ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసి తిరిగి పొందగలరు. ముప్పై మంది సొమ్మునూ ఒకే నాయకుడి పాన్‌పై కట్టి ఉంటే, ముప్పై మంది పన్నూ ఆయన పేరునే ఉంటుంది. ఆయనకు దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ లెక్క చెప్పకపోతే ఆ సొమ్ము ఎవరికీ తెలియకుండా ఆయనదే అయిపోతుంది.

బీమా ఎవరికి పలుకుతుంది?

బీమా ఉంది కదా అని ధైర్యంగా ఉండేవారు కాగితం విప్పి చదవాలి. ప్రయాణ బీమా ప్రతి రద్దుకూ డబ్బు ఇవ్వదు. పాలసీలో పేర్కొన్న కారణాలకే ఇస్తుంది. ప్రయాణికుడి మరణం, ఆసుపత్రిలో చేరవలసినంత జబ్బు, దగ్గరి కుటుంబ సభ్యుడికి అలాంటి ఆపద, ప్రకృతి వైపరీత్యం వంటివి సాధారణంగా ఉంటాయి. యుద్ధం, యుద్ధ పరిస్థితులు మాత్రం చాలా పాలసీల్లో మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి. భయం వేసి మానుకున్నా సాధారణంగా రాదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దాడి తరువాత కశ్మీర్ ప్రయాణాలు మానుకున్న కుటుంబాలకు ఈ సంగతి అనుభవంలోకి వచ్చే ఉంటుంది. అప్పుడు విమాన సంస్థలు కొన్ని రోజులపాటు రద్దు రుసుములు వదులుకున్నాయి కానీ, భయం అనే కారణానికి పాలసీలో చోటు లేదు. ఇక రైలు టికెట్టుతో పాటు 45 పైసలకు తీసుకునే బీమా ప్రమాదంలో మరణానికీ గాయాలకూ సంబంధించింది. ప్రయాణం రద్దైతే దాని నుంచి ఏమీ రాదు.

బీమా సొమ్ము పాలసీలో ఎవరి పేరు ఉందో వారి నష్టానికి వస్తుంది. ఆపరేటర్ బృందం మొత్తానికి గ్రూపు పాలసీ తీసుకున్నా, దాని కింద రక్షణ పొందేది ఒక్కో యాత్రికుడు. కాబట్టి ప్రతి ఒక్కరూ తమ పేరున ఉన్న బీమా ధ్రువపత్రాన్ని ప్రయాణానికి ముందే చేతికి తీసుకోవాలి. "బీమా మేమే చేయించాం" అన్న మాట ధ్రువపత్రం కాదు.

బీమా ఉన్నది నష్టం పూడ్చడానికే తప్ప లాభం చూపించడానికి కాదు. ఒకరికి లక్ష రూపాయల నష్టం వచ్చి, విమాన సంస్థ 30 వేలు తిరిగి ఇస్తే, బీమా కంపెనీని అడగగలిగింది మిగిలిన 70 వేలే. బీమా నుంచి లక్షా అందిన తరువాత విమాన సంస్థ 30 వేలు పంపితే, ఆ 30 వేలు బీమా కంపెనీవి. "రెండుచోట్లా వచ్చాయి, ప్రభువు దీవించాడు" అని సాక్ష్యం చెప్పుకునే ముందు ఆ ఒక్కమాట ఆలోచించాలి. అలాగే ఫారం నింపేటప్పుడు బీపీ, షుగరు, పాత గుండె జబ్బు దాచిపెట్టి, తరువాత కంపెనీ క్లెయిము తిరస్కరించిందని బాధపడటంలో న్యాయం లేదు.

ఇంట్లోనే తేల్చుకోవలసినది

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. గుంటూరులో తల్లిదండ్రులు, డాలస్‌లో కూతురు, హైదరాబాదులో కొడుకు. విమాన టికెట్లు కూతురు తన కార్డుతో కొంది. ప్యాకేజీ సొమ్ము తండ్రి తన పింఛనులోంచి కట్టాడు. అందులో కొంత తల్లి గొలుసు తాకట్టు పెట్టి తెచ్చింది. బీమా కొడుకు ఆన్‌లైన్లో తీసుకున్నాడు, పాలసీలో పేర్లు అమ్మానాన్నలవి. బయలుదేరడానికి వారం ముందు తండ్రికి గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. యాత్ర ఆగింది.

ఇప్పుడు డబ్బు ఎలా తిరుగుతుందో చూడండి. టికెట్లలో వెనక్కి వచ్చేది డాలస్‌లోని కార్డుకే వెళుతుంది. ప్యాకేజీలో మిగిలింది తండ్రి ఖాతాకు వస్తుంది. టికెట్ల మిగతా నష్టానికీ, ప్యాకేజీ నష్టానికీ బీమా కంపెనీ ఇచ్చే సొమ్ము పాలసీలో పేరున్న తండ్రికి, తల్లికి వస్తుంది. తల్లికి జబ్బు చేయలేదు, అయినా భర్త ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి ఆమె క్లెయిము సాధారణంగా చెల్లుతుంది. తోడుగా బయలుదేరిన తండ్రి తమ్ముడి సంగతి ఆయన పాలసీలో 'దగ్గరి కుటుంబం' అంటే ఎవరో రాసిన వాక్యం తేలుస్తుంది. కొన్నింటిలో తోబుట్టువులు ఉంటారు, కొన్నింటిలో ఉండరు. అల్లుడికి మామగారి జబ్బు కారణంగా వస్తుందా అన్నదీ అంతే.

చట్టం అక్కడితో ఆగిపోతుంది. కూతురు కొన్న టికెట్టుకు బీమా ఇచ్చిన సొమ్ము తండ్రి ఖాతాలో ఉంది. తల్లి గొలుసు మీద తెచ్చిన సొమ్ము కూడా అదే ఖాతాలో కలిసిపోయింది. కంపెనీ దృష్టిలో ఫైలు ముగిసింది. కానీ గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. మన ఇళ్లలో సాధారణంగా జరిగేదేమిటంటే, తిరిగొచ్చిన డబ్బు ఆసుపత్రి బిల్లుకో, పొలం కౌలుకో, కొడుకు అవసరానికో వెళ్లిపోతుంది. గొలుసు మాట ఎవరూ ఎత్తరు. తల్లి కూడా ఎత్తదు. "ఇంట్లోవాళ్లమే కదా" అన్న మాటతో ఎక్కువగా నష్టపోయేది అడగలేనివాళ్లే: తల్లులు, విధవరాండ్రు, కోడళ్లు.

ఆసుపత్రి బిల్లు కట్టవద్దని మేము అనడం లేదు. కట్టండి. కానీ అది అమ్మ డబ్బుతో కట్టామని అమ్మతో చెప్పి, ఆమె సరేనన్నాక కట్టండి. కూతురికి ఫోను చేసి, "నీ టికెట్టుకు బీమా సొమ్ము ఇంత వచ్చింది, పంపమంటావా" అని అడగండి. ఆమె "ఉంచండి నాన్నా" అంటే అది ప్రేమతో ఇచ్చిన బహుమానం. అడగకుండా ఉంచుకుంటే అది బహుమానం కాదు.

సంఘంలో తేల్చుకోవలసినది

కుటుంబంలో ఉన్న చిక్కే సంఘంలో ముప్పై రెట్లవుతుంది. బృంద నాయకుడు అందరి దగ్గరా డబ్బు తీసుకుని ఒకే ఖాతా నుంచి ఆపరేటర్‌కు పంపుతాడు. రిఫండ్ వచ్చిన దారినే వెనక్కి వెళుతుంది కాబట్టి అది ఆయన ఖాతాకే చేరుతుంది. అక్కడి నుంచి ముప్పై ఇళ్లకు చేరడం ఆయన మనస్సాక్షి మీద ఆధారపడిపోతుంది. పైగా చాలా యాత్రల్లో ఇంతమందిని తీసుకొస్తే నాయకుడికి ఒక సీటు ఉచితం అన్న ఏర్పాటు ఉంటుంది. అందులో తప్పు లేదు, కష్టానికి అది ప్రతిఫలం. కానీ ఆ సంగతి దాచిపెడితే, రద్దైన తరువాత "నగదు వద్దు, వచ్చే ఏడాదికి ఉంచుకోండి" అని ఆయన చెప్పే సలహా ఎవరి మేలుకోసమో యాత్రికులకు తెలియదు.

మన పాస్టర్లలో అత్యధికులు నిజాయితీపరులని మేము నమ్ముతున్నాం. అందుకే ఈ మాట రాస్తున్నాం. లెక్క రాసి ఉంచడం నిజాయితీపరుడికి రక్షణ. యెరూషలేములోని పేద విశ్వాసులకోసం పోగుచేసిన చందాను మోసుకెళ్లేటప్పుడు అపొస్తలుడైన పౌలు ఒంటరిగా వెళ్లలేదు. సంఘాలు ఎన్నుకున్న సహోదరులను వెంట తీసుకెళ్లాడు. దేవుని ఎదుట మాత్రమే కాదు, మనుషుల ఎదుట కూడా తమ మీద నింద రాకూడదని కొరింథీయులకు రాశాడు. పౌలుకే అవసరమైన జాగ్రత్త మనకు అవసరం లేదా? పొరుగువాడు దాచమని ఇచ్చిన సొమ్ము గురించి నిర్గమకాండము, లేవీయకాండము ఎంత వివరంగా మాట్లాడతాయో మనకు తెలుసు. అప్పగించిన దాని విషయంలో అబద్ధమాడినవాడు అసలుతో పాటు అయిదో వంతు కలిపి ఇవ్వాలని ధర్మశాస్త్రం విధించింది. పరాయి సొమ్మును ఆలస్యం చేసి ఇవ్వడం కూడా ఒక నష్టమేనని అది గుర్తించింది.

కాబట్టి సంఘాలకు మా విన్నపాలు కొన్ని. యాత్ర సొమ్మును పాస్టరు గారి వ్యక్తిగత ఖాతాలోకి తీసుకోకండి. వీలైతే ప్రతి కుటుంబం ఆపరేటర్‌కు నేరుగా కట్టి, తన పేరున, తన పాన్‌తో రసీదు తీసుకోవాలి. వీలుకాకపోతే ఇద్దరు పెద్దల సంతకంతో నడిచే ఖాతా ఉండాలి. పేర్లు రాసుకునే రోజునే, రద్దైతే ఏది తిరిగి వస్తుంది, ఏది రాదు, నాయకుడికి ఉచిత సీటు ఉందా అన్నవి ఒక కాగితం మీద తెలుగులో రాసి అందరికీ ఇవ్వాలి. బీమాలో యుద్ధానికి మినహాయింపు ఉందా లేదా అన్నది ఆ కాగితంలో మొదటి వాక్యం కావాలి. రద్దైన తరువాత నెలకోసారి, ఎవరూ అడగకముందే, ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చాం, ఇంకా ఎంత రావాలి అన్న లెక్క చదివి వినిపించాలి. యాత్ర కోసం పేరిచ్చి ఈలోగా ప్రభువునందు నిద్రించినవారి వాటా వారి వారసులకు చేర్చాలి. "ఆ సొమ్ము గుడి కట్టడానికి ఇచ్చినట్టే అనుకుందాం" అని మనం అనుకోకూడదు. కానుక ఇచ్చేవారి చేతిలోంచి రావాలి.

యాత్రికులకు కూడా ఒక మాట. అడగడం పాపం కాదు. రాతపూర్వకంగా, మర్యాదగా అడగండి. బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించినా, రాతపూర్వక ఫిర్యాదుకు నెలలోగా జవాబు ఇవ్వకపోయినా, బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. హైదరాబాదులోని కార్యాలయం రెండు తెలుగు రాష్ట్రాలకూ పనిచేస్తుంది. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు. ఆపరేటర్‌తోనో విమాన సంస్థతోనో అయితే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. సహోదరుల మధ్య వివాదమైతే మొదట ఇద్దరు ముగ్గురు పెద్దల ఎదుట కూర్చోండి. కానీ ఆ కూర్చోవడం డబ్బు తేల్చడానికే జరగాలి, నోరు మూయించడానికి కాదు.

పరిశుద్ధ దేశానికి వెళ్లిన మనవారు యెరికోలో బస్సు దిగి ఒక మేడిచెట్టు ముందు ఫోటోలు దిగుతారు. జక్కయ్య ఎక్కినది ఇలాంటి చెట్టేనని గైడు చెబుతాడు. జక్కయ్య కథలో మనకు చెట్టు గుర్తుంటుంది, పిల్లలకు కూడా అదే నేర్పుతాం. కానీ ప్రభువు ఆ ఇంట్లో అడుగుపెట్టాక జక్కయ్య చెట్టు గురించి మాట్లాడలేదు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వారికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు ప్రకటించింది ఆ మాట విన్నాకే.

ఈసారి యెరికోకు వెళ్లలేకపోయిన బృందాలు చాలా ఉన్నాయి. ఆ మేడిచెట్టు మళ్లీ ఎప్పుడు చూస్తారో తెలియదు. అయితే జక్కయ్య చేసిన పనికి వీసా అక్కరలేదు, విమానం అక్కరలేదు. వచ్చే ఆదివారం ఆ పెద్దావిడ గుమ్మం దగ్గర ఆగకముందే, అయ్యగారే లెక్క కాగితంతో ఆమె దగ్గరికి వెళ్లాలని మా కోరిక.